బకెట్టు తిరిగిందా, లోకం తిరిగిందా

మెన్నో థీసెన్ కెనడాలోని విన్నిపెగ్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే ఫిజిక్స్ మాస్టారు. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఏటా మొదటి క్లాసులో ఆయన చేసేది ఒకటే. పైకప్పు కొక్కేనికి నీళ్ళ బకెట్టు వేలాడదీసి, తాడు మెలితిప్పి వదిలేస్తాడు. ముందు బకెట్టు ఒక్కటే తిరుగుతుంది, నీళ్ళు చదునుగా ఉంటాయి. కాసేపటికి నీళ్ళూ దాంతోపాటే తిరుగుతూ అంచుల వెంట పైకి పాకుతాయి.

"ఇప్పుడు నీళ్ళూ బకెట్టూ కలిసే తిరుగుతున్నాయిగా. మరి దేనితో పోలిస్తే తిరుగుతున్నట్టర్రా?" అని అడిగి, జవాబు చెప్పకుండా పంపేస్తాడు.

చుక్కలతో పోల్చి చూస్తేనే తిరగడమనేది ఉంటుందని ఆయన వాదన. లోకంలో ఇంకేమీ లేకపోయినా తిరిగేది తిరిగేదేనని నాది. ఈ గొడవలో మేము చల్లార్చుకున్న కాఫీకి లెక్కలేదు.

రిటైరయ్యేవాళ్ళు తమకిష్టమైన ప్రయోగం చివరిసారి చేసి వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. ఈ ఏడు మెన్నో వంతు. సరిగ్గా ఆ ప్రయోగానికి ముందే ఆయనకి కళ్ళు తిరగడం పట్టుకుంది. చెవిలోపల ఏదో చెదిరిందట. మూడేళ్ళ మా అమ్మాయి గ్రేటాను చంకనేసుకుని చూడబోయాను. జలుబు న్యుమోనియా అవుతుందేమోనన్న భయంతో దాన్ని డేకేర్‌కు పంపలేదు. జలుబు పిల్లను రోగి ఇంటికి తీసుకెళ్ళకూడదని తలుపు కొట్టాకే తట్టింది. పేరుకి నాది డాక్టరేటు.

"చూశావా, నేను కదల్లేదు. గదే తిరుగుతోంది. నా వాదనే నెగ్గింది," అన్నాడు మంచం మీంచి.

"గ్లాసులో నీళ్ళు చదునుగానే ఉన్నాయి. ఏదీ తిరగడం లేదు."

"వాంతి వచ్చేది గ్లాసుకి కాదయ్యా, నాకు."

ఆయన భార్య ఇర్మా సూపు గిన్నె పెడుతూ, "ఈ స్థితిలో క్లాసుకెళ్తాడట. పడిపోతాడని చెప్పు నువ్వన్నా," అంది నాతో.

"ఆ బకెట్టు దగ్గరికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే, పని సగంలో వదిలేసినట్టే," అన్నాడు మెన్నో. ఈసారి వేళాకోళం లేదు.

"మీరు కుర్చీలో కూర్చోండి. తాడు నేను తిప్పుతాను," అనేశాను.

ప్రయోగం రోజు గ్రేటా ముందు వరసలో కూర్చుంది. కొక్కెం ఊడి పిల్ల మీద పడుతుందేమోనని నేను మధ్యలో అడ్డంగా నిలబడ్డాను. దానివైపే చూస్తూ, ఎన్ని మెలికలు వేస్తున్నానో చూసుకోలేదు. వదలగానే బకెట్టు గిర్రున తిరిగి, ఊగి, సగం నీళ్ళు నా చొక్కా మీద కుమ్మరించింది.

"దేనితో పోలిస్తే తడిశావయ్యా?" అన్నాడు మెన్నో.

క్లాసంతా గొల్లుమంది.

"దేనితోనూ పోల్చనక్కర్లేదు," అన్నాను, చొక్కా పిండుకుంటూ.

"సరే, తడవడం వరకూ నీదే గెలుపు." కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. వెంట వచ్చిన ఇర్మా పట్టుకోబోయింది. ఆయన తూలుతూ రెండడుగులు వేసి, ఇంకా తిరుగుతున్న బకెట్టును చేత్తో ఆపాడు. "తిరగడం సంగతి నాకూ తెలీదర్రా. వెళ్ళిరండి."

ఆ వారాంతంలో ఆయనకు జలుబు పట్టుకుంది. అది ఎవరి నుంచి అన్నదాని మీద మాత్రం మా మధ్య వాదన లేదు.