దాహాన్ని తిట్టొద్దన్న డాక్టరమ్మ

మేం కూలికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, సీబ్ ఊళ్లో పశువుల క్లినిక్ నడిపిన డాక్టరమ్మ పోయిన వారం గుండె ఆగి చనిపోయింది. నేను ఘాలా వైపు గోడౌన్ డ్యూటీలో ఉండగా ఫోన్‌లో మావాళ్ల గ్రూపుకు కబురొచ్చింది. కింద వరసగా దండాల బొమ్మలు. "కుక్కలకు చైనా మందులు పోసే పిచ్చిది" అని ఆమె బతికుండగా నవ్విన వాళ్లే పెట్టారవి. ఒళ్లు మండింది. ఆమె గురించి సరిగ్గా చెప్పేవాడు ఒకడైనా ఉండాలని ఇది రాస్తున్నాను.

మా లేబర్ క్యాంపులో మోతీ అనే కుక్క ఉంది. నిరుడు ఎండాకాలం దానికి వింత దాహం పట్టుకుంది. బకెట్ ఖాళీ చేసేది, రూమంతా తడిపేది. క్యాంప్ బాస్ ముక్కు మూసుకుని చెప్పాడు: "వచ్చే నెల మళ్లీ చూస్తా. నేల తడిగా కనబడితే దీన్ని ఎడారిలో వదిలేస్తా." అన్నంత పనీ చేసే మనిషి.

మా రూమ్‌లో పెద్దవాడు జగిత్యాల మామ. జాలితోనే నీళ్ల గిన్నె దాచేశాడు. "తాగకుంటే పొయ్యది గద బిడ్డా!" అన్నాడు. మోతీ ఏసీ కింద కారే చుక్కలు నాకుతూ కూర్చుంది. సైట్‌లో మేం నీళ్లకు లేస్తే సూపర్‌వైజర్ గడియారం చూస్తాడు. ఇప్పుడు రూమ్‌లోనూ అదే పనా? సీబ్‌లో సామాను దించే డ్యూటీ పడగానే మోతీని పికప్ ఎక్కించాను.

డాక్టరమ్మది కాకినాడ. నేను చెప్పిందంతా విని అడిగింది: "నీళ్లు ఆపిన మహానుభావుడెవడ్రా?"

"మా మామ, అమ్మా."

"ఆయన్నోసారి ఎండలో నిలబెట్టి నీళ్లు ఇవ్వకు. దాహం తప్పు కాదబ్బాయ్, లోపల్నుంచొచ్చిన కబురు. కబురు తెచ్చినోణ్ణి కొడతామా?"

ముందు రక్తం, మూత్రం పరీక్ష చేసింది. షుగర్ లేదు, కిడ్నీలు బలహీనపడుతున్నాయి. మా ఉప్పు కూరలు బంద్ చేయించి, వేరే తిండి చెప్పింది. అప్పుడు తీసింది చైనా మూలికల డబ్బా. అందులో ముఖ్యమైన వేరు నల్లగా, బంకగా ఉంది.

"ఇదేందమ్మా, తారు లెక్కున్నది?"

"రెహ్మానియా వేరు. ఆవిరి మీద ఉడికించి ఎండబెడతారు. ఒంట్లో తడి తగ్గి వేడి పెరిగితే దాహం పుడుతుందని చైనా వైద్యుల లెక్క. దీంతో ఆ తడిని నిలబెడతారు."

"మొత్తం నయమైతదా?"

"కొత్త కిడ్నీ మొలవదురా. ఉన్నదాని బరువు తగ్గిద్దాం. పరీక్షలొద్దు, మూలికొక్కటే చాలు అనేవాళ్ల దగ్గరికి పోకు. అది నేనైనా సరే."

అట్లా మాట్లాడే డాక్టర్‌ని నేను వేరే చూడలేదు.

తర్వాత సెలవు రోజుల్లో ఆమే క్యాంపుకు వచ్చేది. మందు పొడిని ముందు తన నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి, మా టీ ఒక గుక్క తాగేది. "రుచి తెలియకుండా ఎలా పెడతానూ?" అనేది. మమ్మల్నందర్నీ ఒరేయ్ అనేది. మోతీతో మాత్రం, "తమరు కాస్త నోరు తెరుస్తారా?"

మామకు ఉక్రోషం. "కుక్కకేమో తమరట, మనకేమో ఒరే అట!"

"నువ్వూ మందు మింగు, నిన్నూ తమరంటాను."

రూమంతా ఒకటే నవ్వు. అప్పటికి ఎన్నాళ్లయిందో మేమంతా కలిసి నవ్వి. మామే మోతీ తాగే నీళ్లు సీసాతో కొలిచి పోయడం మొదలుపెట్టాడు. మెల్లగా సీసాలు తగ్గాయి. మోతీ తలుపు గీరి, బయటికెళ్లి పోయడం నేర్చింది.

బాస్ మళ్లీ చూడ్డానికొచ్చిన రోజు డాక్టరమ్మ కూడా వచ్చింది. బాస్ బూటు కొనతో నేలంతా రుద్ది చూశాడు. పొడి. పరుపు ఎత్తి చూశాడు. పొడి. మేం ఊపిరి వదిలేలోపు మోతీ హుందాగా బయటికి నడిచి, బాస్ తెల్లకారు దగ్గరికి వెళ్లి, టైరు మీద కాలెత్తింది.

మామ కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "చూశారా సార్! బయటే పోసింది. మందు పనిచేసినట్టేగా!" అదే మాట హిందీలో మళ్లీ చెప్పింది. బాస్ టైరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మీసం కదిలింది. "రహనే దో," ఉండనీయండి, అన్నాడు.

ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె నవ్వుతూనే ఉంది. కడుపు పట్టుకుని, చున్నీతో కళ్లు తుడుచుకుంటూ. మోతీ ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. కాలు కదిపితే అది లేస్తుందేమోనని, నవ్వు ఆగాక కూడా ఆమె చాలాసేపు అలాగే నిలబడి ఉంది.