నా గొట్టంలోని గాలి

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మనిషి పని పోవడానికి కారణం నేనని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మొన్న సిద్దిపేటలో సైకిల్ దుకాణం ముందు నిలబడి ఉంటే, అక్కడి మనిషి ట్యూబును నీళ్ళలో ముంచాడు. కంటికి కనబడని చీలిక నుంచి బుడగలు వరసగా లేచాయి. అట్లాగే వెళ్ళి దుబ్బాక బస్సెక్కాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూనె కరువై మా బియ్యం మిల్లు ఇంజన్‌ను బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్ళం. మూతపెట్టిన పెద్ద పొయ్యిలో బొగ్గు మండుతుంటే, ఆ గ్యాసును ఇంజనే పీల్చుకునేది. ఎక్కడైనా సందు దొరికి బయటి గాలి చొరబడితే గొట్టాలు పేలతాయని భయం. పొయ్యి చూసుకునే దుబ్బాక మనిషిని, చుట్టరికం లేకున్నా, కాకా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇంజన్ చప్పుడు విని గ్యాసు మంచిచెడ్డలు చెప్పేవాడు. మిల్లు యజమాని సేటు పంపితే నేను హైదరాబాదులో పది రోజులు పని నేర్చుకుని, గ్యాసులో ప్రాణవాయువు ఎంతుందో కొలిచే గాజు సీసాల పెట్టెను పెళ్ళికొడుకును తెచ్చినంత భద్రంగా తెచ్చాను.

“గాలికి గూడ పరీక్షనా బిడ్డా? పాసైతదా, ఫేలైతదా?” అని కాక నవ్వాడు.

పెద్ద గొట్టానికున్న చిన్న కుళాయికి రబ్బరు గొట్టం తొడిగి, నీళ్ళ సీసాను కిందికి దించితే గ్యాసు గీతల గాజులోకి వస్తుంది. రబ్బరు మీది బిగింపును తిప్పి, అది నిదానంగా వచ్చేట్టు సర్దాలి. ముందు ఒక మందు బొగ్గుపులుసు వాయువును, తరువాత ఇంకో మందు ప్రాణవాయువును మింగుతాయి. రెండోసారి తగ్గిందే నా లెక్క. ఒకరోజు గ్యాసు సరిగా రాలేదు. బిగింపును వదులు చేయాల్సింది పోయి, సీసాను నేల దాకా దించి బలంగా లాగాను. ప్రాణవాయువు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు తేలింది. పరుగెత్తి సేటుకు చెప్పాను. మిల్లు ఆగింది.

“మూత గట్టిగనే పెట్టిన సేట్. గాలి సొరవడితే ఇంజన్ గిట్ల ఉరుకుతదా?” అన్నాడు కాక.

“సీస అబద్ధమాడుతదా? అందర్ని సంపుతుంటివి గద. నడువు!” అని సేటు ఆయన తువ్వాలను బయటికి విసిరేశాడు.

మరునాడు కొత్తగా వచ్చిన పొయ్యి మనిషి ప్రతి అతుక్కూ మట్టి మెత్తాడు. మళ్ళీ కొలిచాను. అదే లెక్క! రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే, బిగింపుకు ఇవతల వెంట్రుకంత చీలిక. నేను కొలిచింది పొయ్యిలోని గ్యాసును కాదు, నా చుట్టూ ఉన్న గాలిని. గొట్టం మారిస్తే ప్రాణవాయువు దాదాపు లేదు. మట్టి వల్లే సరయిందనుకుని సేటు నా భుజం తట్టాడు. నేను నోరు తెరవలేదు.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి, దుబ్బాకలో కాక నేతగాళ్ళ మగ్గాల మధ్య కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను.

“నాకు ఎర్కే,” అన్నాడు తలెత్తకుండా. “నువ్వు గొట్టం మార్చినవని గా కొత్తోడు గప్పుడే చెప్పిండు.”

కాక నిండిన కండెను పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

“ఎర్కైనోనికి చెప్తె ఏమొస్తది బిడ్డా? మిల్లు పేల్చవోయినోడని గీ గల్లీ అంత నన్నే అంటది. ఆళ్లకు చెప్పు.”

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేను లేచి నిలబడ్డాను.

“మిల్లుల కాక తప్పేం లేదు. చీలింది నా గొట్టం. తెలిసి గూడ చెప్పలే. కాకా, నన్ను మాఫ్ చెయ్యి.”

పద్దెనిమిదేళ్ళు గొంతులో మోసిన మాట, ఒక కండె నిండేలోపే అయిపోయింది.