జిరాఫీల మచ్చలు, నా మొహమాటం

కెన్యా వెళ్ళి అడవిలో తిరిగే జిరాఫీలను చూడాలని నాకెంత ఉండేదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలో మేముండే విల్లాను యజమాని మధ్యలో గోడలు లేపి చిన్న చిన్న వాటాలు చేశాడు. గోడ అవతల నా స్నేహితురాలి కుటుంబం ఉండేది. వాళ్ళది జగిత్యాల వైపు, మాది కాకినాడ. తనకు ఒక క్లినిక్‌లో రిసెప్షన్ డ్యూటీ. నేను డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి పుస్తకాలు చదువుకునేదాన్ని.

శుక్రవారం పొద్దున ఇద్దరం మా హాల్లో ల్యాప్‌టాప్ ముందు చేరేవాళ్ళం. కెన్యాలో జిరాఫీల బాగోగులు చూసే ఒక బృందం ఫొటోలు పంపేది. ఏ ఫొటోలో ఏ జిరాఫీ ఉందో మేము గుర్తుపట్టాలి. జీతం లేని పని. ఏ రెండు జిరాఫీల మచ్చలూ ఒకలా ఉండవు. పుట్టినప్పటి ఆకారాలే చివరిదాకా ఉంటాయి, వయసుతో రంగు ముదురుతుందంతే.

"గిన్ని మచ్చలల్ల నీకేం గనవడ్తదే? నాకైతే అన్నీ పలిగిన పెంకులే."

"భుజం మీద చూడు, చిరిగిన ఆకులా లేదూ? మొన్న పిల్లతో కనిపించిన తల్లి ఇదే."

"మరి పిల్లేదే?"

పిల్లలన్నిటినీ ఒకచోట వదిలి, ఒక తల్లిని కాపలా ఉంచి, మిగతావి మేతకు పోతాయని చెప్పాను. అప్పుడే ఆ ఫొటోలోని తల్లి వెనక కాలికి బిగుసుకున్న ఉచ్చు తీగ కనిపించింది. వెంటనే రాసి పంపాం. వాళ్ళు దాన్ని వెతికి పట్టుకుని తీగ కోసేశారు. జిరాఫీకి మత్తు ఇవ్వడం ప్రమాదమట. పడిపోగానే విరుగుడు మందు ఇచ్చి, పని అయ్యేదాకా నలుగురు మెడ మీద కూర్చుని అదిమి పట్టుకుంటారట.

థాంక్స్ చెప్పడానికి బృందం పెద్దావిడ వీడియో కాల్ చేసింది. వానలు తగ్గాక జీపులో ఒకరికి చోటుందని, మచ్చలు తెలిసినవాళ్ళు వస్తే మేలని అంది. నా స్నేహితురాలు నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఈమెను తీసుకెళ్ళండి మేడమ్, అన్నీ ఈమెకే తెలుసు" అంది. ఆవిడ నన్నే చూస్తూ వస్తావా అని అడిగింది.

"ఫర్వాలేదండీ, వద్దు" అన్నాను.

మా ఇళ్ళలో కాఫీ ఇస్తామన్నా ముందు వద్దనే అంటాం. వాళ్ళు మళ్ళీ అడుగుతారు, ఆ తర్వాత గ్లాసు చేతిలో పెట్టేస్తారు. నేను ఆ మళ్ళీ అడగడం కోసం ఎదురుచూశాను. ఆవిడ నా ఇష్టాన్ని గౌరవించి, తలూపి, నా స్నేహితురాలివైపు తిరిగింది. "మరి నువ్వు?"

తను మైకు ఆపి నన్ను అడిగింది. "నిజంగ నేను పోవాల్నా? నువ్వు పోవా?"

"నాకెందుకు, నువ్వెళ్ళు." ఈసారి అన్నది మొహమాటమో ఉక్రోషమో నాకే తెలియదు.

అలా వెళ్ళిన తను తిరిగి రాలేదు, ఆ బృందంలోనే పని దొరికింది. ఇప్పుడు ఫొటోలు తీసి పంపేది తనే. శుక్రవారాలు నేనొక్కదాన్నే కూర్చుని గుర్తుపడుతున్నాను. రోడ్లు, కంచెలు, పొలాలు జిరాఫీల దారులకు అడ్డం పడుతున్నాయని ఆ ఫొటోల్లోనే తెలుస్తోంది. కొన్నింటిని ఈమధ్య చూడనేలేదు. ఒక ఫొటో అడుగున గడ్డి మీద జీపు నీడ పడింది, పైన ఒక మనిషి తల నీడ. చాలాసేపు అదే చూస్తూ ఉండిపోయాను. అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదట, మేం మాట్లాడుకుని చాలా రోజులైంది.

తను వెళ్ళిన రోజు పెట్టె కారులో పెట్టించి గేటు దాకా వెళ్ళాను. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను, ముందు కన్నీళ్ళే వచ్చాయి. తను గట్టిగా పట్టుకుంది.

"ఏడుస్తున్నవా, పిచ్చిదానా? నీకు ఎండ పడది, దుమ్ము పడది, కొత్తోళ్ళ మొకం సూడనే సూడవు. నీ బదులు నేను సూసొస్త తియ్. యల్లా, ఇగ నడువు, లోపలికి పో."