సరస్సులో పాతిన సరుగుడు కర్రలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జనవరిలో నన్ను తడ దగ్గర పులికాట్ సరస్సు సర్వేకు పంపారు. ఒక దీవికి వంతెన వేసేముందు చేసే పని అది. నేను సివిల్ డిప్లొమా చదివి ఒక ప్రైవేటు సర్వే సంస్థలో చేరినవాణ్ణి. ఇప్పుడు పూతలపట్టులో డ్రిప్ పైపుల అంగడి నడుపుతున్నాను. ముప్పై నిండకుండా మానేసిన ఉద్యోగాన్ని విరమణ అనడం పెద్ద మాటే. మళ్లీ చేరే ఉద్దేశం లేదు కాబట్టి అలాగే అంటున్నాను.

పులికాట్ పటంలో సముద్రంలా కనిపిస్తుంది. దిగితే చాలాచోట్ల నీళ్లు మోకాళ్ల దగ్గరే ఆగుతాయి. పడమటి నుంచి కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. తూర్పున ఇసుక తిన్నెలు, వాటి అవతల బంగాళాఖాతం. తిన్నెల మధ్య ఉన్న ముఖద్వారాల గుండా పోటుకు ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి, ఆటుకు బయటికి పోతాయి. ఆ రాకపోకలకు బురద కోసుకుపోయి అక్కడక్కడ లోతైన దారులు ఏర్పడతాయి. రొయ్యలు వాటి వెంటే నడుస్తాయి. వంతెనకు పెద్ద కమాను రావలసిందీ అక్కడే, పడవలు దాని కిందుగా పోవాలి కాబట్టి.

మా జట్టుకు పెద్ద ఇంజనీరు రామ్మూర్తి, ఐరాల మనిషి. పడవ నడపడానికి దీవికి చెందిన శీనయ్యను కూలికి పెట్టుకున్నాం. పద్ధతి ఇది: ఉపగ్రహ పరికరంతో స్తంభం రావలసిన బిందువు గుర్తించడం, అక్కడ సరుగుడు కర్ర పాతడం, కొసకు ఎర్రగుడ్డ కట్టడం. తరువాత వచ్చే డ్రిల్లింగ్ పడవ ఆ కర్రల దగ్గర మట్టి నమూనాలు తీస్తుంది. లోతు దారికి అడ్డంగా కర్రలన్నీ ఒకే వరుసలో పాతాం. పని చక్కగా ఉందని రామ్మూర్తి ఫొటో తీసుకున్నాడు.

మర్నాడు శీనయ్య రాలేదు. వెతుక్కుంటూ పోతే ఊరి కూటంలో తల దించుకుని నిలబడి ఉన్నాడు.

అక్కడ రొయ్యల వలకు కూడా సరుగుడు కర్రలే పాతుతారు, లోతు దారికి అడ్డంగానే పాతుతారు. ఆ చోటు ఇంటికొక పక్షం వంతున, చీటీ తీసిన వరుసలో దక్కుతుంది. వంతు రాకముందే కర్ర పాతినవాడి వంతు పోతుంది, మళ్లీ ఏడాదికి గాని రాదు. శీనయ్య వంతు వచ్చే అమావాస్యకు ఉంది. ఊరు చూసిందల్లా, అతను ముందుగానే పడవ నిండా కర్రలు తీసుకుపోయి పాతడం.

రామ్మూర్తి పటం పరిచాడు. "ఇదో, ఈ ఎర్రగీత వంతెన. కర్రలన్నీ దీని మిందే ఉండాయి, సూడు పెద్దాయనా."

ఊరిపెద్ద పటం చూశాడు. "నీలం రంగేసినారే, అది ఎవురి వంతు?"

"నీళ్లకు వంతేందబ్బా?"

"ఐరాల అంటివే. మీ ఊర్లో బాయి నీళ్లకు వంతు లేదా?"

"ఉండాది. మా చిన్నాయనోళ్లకు ఒకరోజు, మాకు ఒకరోజు."

"మీది కాని రోజు మోటారేసినావా?"

"ఒకసారి ఏసినాను."

"ఏమాయె?"

"ఇప్పటికీ మాటల్లేవు."

కూటం నవ్వింది. వెనక నుంచి ఒక అవ్వ అంది: "శీనడికి అన్ని ఎర్రగుడ్డలు యాడివప్పా? వాని లుంగీలన్నీ సించినా సాలవే."

ఊరిపెద్ద తీర్పు సూటిగా ఉంది. కర్రలు మావని అందరి ముందూ ఒప్పుకుని, మా చేతులతోనే పెరకాలి. అప్పుడు శీనయ్య వంతు నిలుస్తుంది. మా పనికి చోటు కావాలంటే మేమూ వరుసలో నిలబడాలి.

రామ్మూర్తికి ఇబ్బంది తప్పు ఒప్పుకోవడం కాదు. డ్రిల్లింగ్ పడవ అప్పటికే బయలుదేరింది. శీనయ్య ఇంకా తల దించుకునే నిలబడి ఉన్నాడు. రామ్మూర్తి పటం మడిచి ప్యాంటు పైకి మడుచుకున్నాడు. సాయంత్రానికి కర్రలన్నీ ఒడ్డున ఉన్నాయి. పాతడం కంటే పెరకడం కష్టమని అప్పుడు తెలిసింది. బురద పట్టు వదలదు.

అమావాస్యకు శీనయ్య వల కట్టాడు. మా డ్రిల్లింగ్ పడవ ఒడ్డున లంగరు వేసుకుని అతని పక్షం గడిచేదాకా కాచుకుని ఉంది. తరువాతి వంతు ఇంటివాళ్లు కొన్నాళ్లు మాకు వదిలారు. ఆలస్యానికి కారణం అన్న గడిలో రామ్మూర్తి 'వంతు రాలేదు' అని రాశాడు. వంతు అనేది ఏ శాఖ కిందికి వస్తుందని హెడ్డాఫీసు అడిగింది. రొయ్యల శాఖ అని జవాబిచ్చాడు. అక్కడితో ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆ తరువాత నేను చేసిన ప్రతి నీటి సర్వే పట్టికలోనూ మొదటి గడి లోతు కాదు. ఈ నీళ్లు ఇప్పుడు ఎవరి వంతు అన్నది. అది నింపాకే కర్ర పాతేవాళ్లం.