అమ్మ వెంట్రుక కట్టిన విమానం

బీరువా మీద బూజు దులుపుతుంటే, కొన్న పెట్టెలోని ముక్కలు అతికించి నాన్న చేసిన బొమ్మ విమానం చేతికొచ్చింది. జానెడు కూడా ఉండదు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు. వాటి మధ్య బిగించిన నల్లటి పోగులు ముట్టుకుంటే ఇంకా సన్నగా వణికాయి.

"ఇంట్లో వెంట్రుక ఎగిరితే తగువులొస్తాయి" అనేది నానమ్మ. నా చిన్నప్పుడు, నాన్న ఈ విమానం చేసిన ఎండాకాలం, అమ్మా నాన్నా మాట్లాడుకోవడం లేదు. కల్లాల నుంచి మిరప ఘాటు తేలివచ్చే ఒక మధ్యాహ్నం నాన్న ఫ్యాన్ ఆపి, అమ్మ దువ్వెనలోంచి తీసిన వెంట్రుకను ఆ రెక్కల మధ్య కట్టబోయాడు. వెంట్రుక ఎగరకుండా కట్టేస్తున్నాడనుకుని ఊపిరి బిగబట్టాను. ముడి పడేలోపే అది తెగింది.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ, "ఇంట్లో దారమే కరువైందా?" అంది.

"ఇంత సన్నంది ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు నాన్న తలెత్తకుండా.

అమ్మ జడ విప్పి, పొడవాటి వెంట్రుక ఒకటి లాగి ఇచ్చి, రెండో కొస తను పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి ఇద్దరూ నవ్వుకుంటున్నారు. తగువును కట్టేశారని చాలా ఏళ్లు నమ్మాను.

ఇవాళ విమానాన్ని దాచిపెడదామని దాని పాత అట్టపెట్టె తెరిచాను. అడుగున, దాంతోపాటే వచ్చిన సన్నటి నల్ల దారం, కవరైనా చించకుండా అలాగే ఉంది.