రేనో కూర్చునే గోడ

ఫిన్లాండులో, మా కైనూ అడవుల్లో మంచు బరువుకి చెట్లే కూలతాయి. చెట్టు కూలితే తీగ తెగుతుంది, ఇక మూడు రోజులు కరెంటు ఉండదు. మాకది అలవాటే. ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ యంత్రం మీద బతికే రేనోకి మాత్రం అలవాటు పడే వీల్లేదు. నర్సు ఖరాఖండిగా చెప్పేసింది: "ఇంకొక్కసారి ఇలా కరెంటు పోతే ఈయన్ని పట్నంలో వృద్ధాశ్రమానికి తీసుకెళ్తాం."

"అక్కడైతే నెల కూడా బతకను" అన్నాడు రేనో.

అతని భార్య ఆవునె ముప్ఫై ఏళ్లు ఈ మంచులోనే ఉత్తరాలు పంచిన మనిషి. ఇంటికప్పు మీద పది సోలార్ పలకలు వేయించి, బ్యాటరీ పెట్టించింది. వాటి మీద రెండడుగుల మంచు పడింది. అరవై ఎనిమిదేళ్ల వయసులో రోజూ నిచ్చెనెక్కి దులిపేది. పక్కింటి ఓన్నీని నేను, చూసి నవ్వాను.

"వదినా, పాపం దుప్పటి కప్పుకుని పడుకున్నాయి, లేపకు!"

"ఆ దుప్పటేదో నీ నోటికి కప్పుకో, ఓన్నీ."

మార్చి వచ్చింది. అందరిలాగే రేనో ఎండ కాగడానికి కాఫీ పట్టుకుని ఇంటి దక్షిణపు గోడ దగ్గర బెంచీ మీద చేరాడు. వారానికల్లా మొహం కందిపోయింది. ఆవునె అతని గడ్డం పైకెత్తి చూసింది.

"ఎండ పైనుంచి కదా, గడ్డం కింద ఎలా కమిలింది?"

"కింద మంచు మీంచి కొడుతుందిగా. కొత్తగా అడుగుతావేం?"

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసీ, పలకలంటే అందరికీ కప్పే గుర్తొస్తుంది. మర్నాడే ఆవునె పలకలు దింపించి ఆ గోడకి నిలువుగా బిగించింది. గోడకి పటాలు తగిలించిందని మళ్లీ నవ్వాను.

నవ్విన నాపచేనే పండింది. నిలువు పలకల మీద మంచు ఆగలేదు, కింది మంచు మీంచి కొట్టే ఎండ కూడా వాటికే అందింది. మరుసటి మార్చిలో నాలుగు రోజులు కరెంటు లేదు. రేనోని తీసుకెళ్లడానికి నర్సు కారేసుకుని వచ్చేసరికి యంత్రం ఆడుతూనే ఉంది.

"సరే, డిసెంబర్లో ఏం చేస్తారు?" అంది నర్సు.

"డిసెంబర్లో ఎండ రాదు. అప్పుడు ఇతని జనరేటరు వస్తుంది" అని ఆవునె నన్ను చూపించింది. ముందు ఒక్క మాటైనా అడగలేదు.

"వస్తుంది" అన్నాను.

కారు ఖాళీగా వెళ్లిపోయింది. రేనో కాఫీతో వచ్చి, గొట్టం సర్దుకుని, పాత చోటే బెంచీ వేసుకున్నాడు.

"లే. పలకల మీద నీడ పడుతోంది. నీ ఊపిరికి నువ్వే అడ్డం కూర్చుంటావా?" అంది ఆవునె.

"ముప్ఫై ఏళ్ల నుంచీ నా చోటది!" అని గొణుక్కుంటూ కట్టెల కొట్టం గోడకి మారాడు. సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాడు. ఆవునె, నేను ఆ సణుగుడు వింటూ అతని పక్కనే కూర్చున్నాం.