నలుగురు గడ్డాలు

ఆ రోజుల్లో సినిమా తీయాలంటే ప్రతిభకన్నా ముందు బీరువా తాళంచెవి కావాలి. మా ఇంట్లో అది మామయ్య జంధ్యానికి వేలాడేది. ఇప్పుడు అశోక్ నగర్‌లో టీ కొట్టు ముందు నిలబడ్డ ఏ కుర్రాడైనా ఫోను పైకెత్తి సినిమా తీస్తాడు, నచ్చకపోతే టీ చల్లారేలోపు చెరిపేస్తాడు. వాళ్లను చూస్తే నాకు అసూయ లేదు (ఉంది). కానీ చిక్కడపల్లిలో మామయ్య బీరువాలో, నాఫ్తలీన్ ఉండల మధ్య నిద్రపోయే ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరా కోసం నేను పడ్డ అవమానం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను ఒక దినపత్రికలో కొత్త సబ్ ఎడిటర్ని. నేను రాసిన ప్రతి వార్తకూ తలో తోకో కోసేవారు. సినిమాలోనైనా నా మాట నెగ్గాలని ప్రయోగాత్మక చిత్రం తలపెట్టాను. మొదటి సగంలో ఒక మనిషి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో కదలకుండా నిలబడతాడు, లోకం కదులుతుంది. రెండో సగంలో అతనే నారాయణగూడ చౌరస్తా నుంచి ఆగకుండా నడుస్తాడు, లోకం నిలబడి చూస్తుంది. కథ లేదు, మాట లేదు, పాట లేదు. ("మరి ఏముందిరా?" అని అమ్మ అడిగింది. కళాకారుడికి ఇంట్లో దక్కే గౌరవం అంతే.) హీరో మా స్నేహితుడు గడ్డం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, అశోక్ నగర్ గదిలో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివేవాడు. గీసుకునే తీరిక లేక ఆ పేరు వచ్చింది. మార్కెట్లో అతన్ని నిలబెట్టి కెమెరా తిప్పుతుంటే కూరలమ్మే ఆమె గదిమింది. "ఏం బిడ్డా, ఎవలన్న తప్పిపోయిండ్రా? జర పక్కకు జరుగు, నా గిరాకి పోతున్నది." గడ్డం పెదవి కదపకుండా, "అమ్మా, షూటింగ్ నడుస్తున్నది," అన్నాడు. "అది నడుస్తే నువ్వెందుకు నిలవడ్డవ్?" అందామె. నా చిత్రం మీద వచ్చిన తొలి విమర్శ అది.

మామయ్య షరతు ఒక్కటే. "మీ ఫిలిం క్లబ్బులో వేస్తావుగా? జనం చివరిదాకా కూర్చుంటే కెమెరా నీది. లేచిపోయారా, తిరిగి బీరువాలోకి."

ఆ ఫిలింతో ఒక తమాషా ఉంది. రీలు బొమ్మకు రెండింతల వెడల్పు ఉంటుంది. ముందు ఒక అంచు వెంట బొమ్మ పడుతుంది, రీలు తిప్పి పెడితే రెండో అంచు వెంట పడుతుంది. ల్యాబులో కడిగాక నిలువునా నడిమికి చీల్చి, రెండు పీలికలనూ కొసకు కొస అతికిస్తే అప్పుడది సినిమా. మామూలుగా ల్యాబువాళ్లే చీల్చి పంపుతారు. మామయ్య ఒప్పుకోడు. అందుకోసం ఆయన దగ్గర అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి ఉండేది. "ఎవడో చీలిస్తే గీతలు పడతాయిరా. మన ఫిలిం మనమే చీల్చుకోవాలి," అంటూ బొంబాయి ల్యాబు నుంచి ఎప్పుడూ చీల్చకుండానే తెప్పించేవాడు. పగలు మా ఇంట్లో తలుపు తీసేవాళ్లుండరని పార్శిలు గడ్డం గదికి రప్పించాం. అది ప్రదర్శన రోజునే వచ్చింది. తన మొహం తెర మీద చూసుకోవాలన్న ఆత్రంతో అతను దాన్ని తిన్నగా నారాయణగూడలో క్లబ్బు హాలుకు పట్టుకుపోయాడు. కబురు తెలిసి మామయ్యా నేనూ, ఆ పరికరం, కెమెరా ఉన్న సంచితో, చిన్న ప్రొజెక్టరును ఒళ్లో పెట్టుకుని రిక్షాలో చేరేసరికి దీపాలు ఆర్పేశారు. క్లబ్బువారి పెద్ద ప్రొజెక్టరు మీద నా సినిమా నడుస్తోంది.

"వెడల్పు సరిపోయిందన్నా, మంచిగ పట్టింది," అన్నాడు గడ్డం గర్వంగా.

తెర మీద నలుగురు గడ్డాలు. నా చిన్న బొమ్మలు ఆ పెద్ద ప్రొజెక్టరులో ఒకేసారి నాలుగేసి పడుతున్నాయి. ఎడమ పక్క ఒకడి మీద ఒకడు ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ల చుట్టూ మార్కెట్ జనం రెట్టింపు వేగంతో పరుగులు. కుడి పక్క ఇద్దరు తలకిందులుగా వేలాడుతూ, వెనక్కి నడుచుకుంటూ నారాయణగూడకు పోతున్నారు.

"ఆపండి! ఇది తప్పు! దీన్నింకా చీల్చలేదు!" అని అరిచాను.

"కూసో అన్నా, జర సూడనియ్యి," అంది చీకటి.

చూశారు. ఒక్కడు లేవలేదు. చప్పట్లు కొట్టారు. క్లబ్బు అధ్యక్షుడు (ఆయన్ని ప్యారిస్ గారు అనేవాళ్లం, సికింద్రాబాద్ దాటినట్టు ఆధారాల్లేవు) కళ్లద్దాలు తుడుచుకుని, "నిలబడ్డవాడి గతం తలకిందులుగా వెనక్కి నడుస్తోంది. ఎంత సాహసం!" అన్నారు. "సాహసం కాదండీ, పొరపాటు," అన్నాను. "చూశారా ఆ వినయం!" అన్నారు. మామయ్య సంచిలోంచి కెమెరా తీసి నా చేతుల్లో పెట్టాడు. "మాటంటే మాటే. ఇక నీదిరా."

బుద్ధున్నవాడైతే దాంతో ఇంటికి పోతాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తీసింది నేను, వాళ్లు మెచ్చుకున్నది నేను తీయనిదాన్ని! ఇదేం న్యాయం? "కూర్చోండి, అసలు సినిమా చూపిస్తాను," అన్నాను. "ఎందుకన్నా పరేషాన్? నలుగురం మంచిగనే ఉన్నం గద," అని గడ్డం బతిమాలాడు. "వద్దురా," అన్నాడు మామయ్య. వినలేదు. ఆయన సంచిలోంచి పరికరం లాక్కుని, ఫిలింను ఈ కొస నుంచి ఆ కొస దాకా నేనే చీల్చాను, అతికించాను, చిన్న ప్రొజెక్టరు మీద వేశాను.

తెర మీద ఒక్క గడ్డం. నిలబడ్డాడు. ఇంకా నిలబడ్డాడు. ఒక కుర్చీ కిర్రుమంది. మార్కెట్ చూసి ఇంటికి కూరలు తీసుకెళ్లాలని గుర్తొచ్చి ఒకాయన లేచాడు. ప్యారిస్ గారికి బస్సు గుర్తొచ్చింది. హీరో నడక మొదలుపెట్టేసరికి హాల్లో మిగిలింది ముగ్గురం. కాసేపటికి హీరో కూడా, "అన్నా, చాయ్ తాగొస్త," అని పోయాడు. దీపాలు వెలిగాక మామయ్య చెయ్యి చాపాడు.

కెమెరా నాఫ్తలీన్ ఉండల దగ్గరికి వెళ్లిపోయింది. నా వాదనలో మార్పు లేదు: నేను తీసింది రెండోదే, అదే సరైనది, చప్పట్లు దానికే రావాలి. ఈ మధ్య ఆ ఫిలిం డబ్బా తెరిస్తే అతుకు ఎండి ఊడిపోయింది. మళ్లీ రెండు పీలికలు. కిటికీ వెలుగుకు ఎత్తి, ఒకదాన్ని తిరగేసి పక్కపక్కన పెట్టాను. అంచులు ఇప్పటికీ కలుస్తున్నాయి. గోరంత గడ్డాలు, కొందరు నిటారుగా, కొందరు తలకిందులుగా. బాగానే ఉన్నారు. అంతలో ఆ చీకటి హాల్లో సన్నటి సబ్ ఎడిటర్ ఒకడు లేచి నిలబడి, ఇది తప్పు, ఆపండి అని అరుస్తున్నట్టే అనిపించింది.

కూసో అన్నా, అన్నాను. జర సూడనియ్యి.